రీఫ్ ట్యాంకులో చేపలకు పరాన్నజీవులు సోకితే: ఏది వచ్చిందో తేల్చడం, వైద్యం చేయడం, ట్యాంకును శుభ్రపరచడం

రీఫ్ ట్యాంకులో, అంటే సముద్రపు చేపలతో పాటు పగడాలను పెంచే గాజు తొట్టిలో, టాంగ్ చేప ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లచుక్కలు కనబడగానే చాలామంది చేసే మొదటి పని, 'రీఫ్ సేఫ్' అని రాసున్న సీసా ఒకటి కొని ట్యాంకులో పోయడం. మూడు నాలుగు రోజుల్లో చుక్కలు మాయమవుతాయి. మందు పనిచేసిందని సంబరపడతారు. నిజానికి మందు పోయకపోయినా ఆ చుక్కలు సరిగ్గా అప్పుడే రాలిపోయేవి. మరో వారం, పది రోజులకు అవి మునుపటికంటే ఎన్నో రెట్లు పెరిగి తిరిగొస్తాయి. ఈసారి మొప్పల్లో కూడా చేరతాయి, చేప మేత మానేస్తుంది. సముద్రపు చేపల పెంపకంలో చాలా చావులకు కారణం జబ్బు తీవ్రత కాదు, ఈ నడిమి విరామాన్ని నయమైనట్టు లెక్కేయడం.

తెల్లమచ్చల జబ్బు, అంటే ఇక్, తెచ్చే జీవి పేరు క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్. దాని బతుకు నాలుగు దశల్లో నడుస్తుంది. చేప చర్మం కిందికి దూరి 3 నుంచి 7 రోజులు తిని పెరుగుతుంది. మనకు కనిపించే చుక్క అదే. కడుపు నిండాక చేపను వదిలి కొన్ని గంటల పాటు అడుగున పాకుతుంది. తర్వాత రాయికో, ఇసుకకో, గాజుకో, నత్త గుల్లకో అంటుకుని చుట్టూ గట్టి తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తిలో విడిపోతూ విడిపోతూ వందల సంఖ్యలో పిల్లలవుతుంది. అవి ఎక్కువగా చీకట్లో బయటపడి చేపను వెతుక్కుంటూ ఈదుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. ఏ మందైనా చంపగలిగేది ఈ ఈదే దశనే. చర్మం కింద ఉన్నదాన్ని చేప ఒళ్లే కాపాడుతుంది, తిత్తిలో ఉన్నదాన్ని తిత్తి గోడ కాపాడుతుంది.

తిత్తులు మామూలుగా 3 నుంచి 28 రోజుల మధ్య పగులుతాయి. అయితే 72 రోజుల దాకా ఆగి పగిలినవి కూడా నమోదయ్యాయి. కింద వచ్చే రోజుల లెక్కలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. పగడాలు, రొయ్యలు, నత్తలు ఉన్న ట్యాంకులో ఆ ఈదే దశను చంపేంత మోతాదు మందు వేస్తే ముందుగా పోయేవి పగడాలూ రొయ్యలే. అందుకే వైద్యం ఎప్పుడూ రెండు చోట్ల జరగాలి: చేపలన్నిటినీ వేరే ట్యాంకుకు మార్చి అక్కడ మందివ్వడం, పగడాలున్న అసలు ట్యాంకును, అంటే డిస్‌ప్లేను, చేపల్లేకుండా ఉంచి పురుగును ఆకలితో చంపడం.

ముందు ఏ పురుగో తేల్చాలి

ఈ పని తొందరగా చేయాలి, కానీ తప్పకుండా చేయాలి. ఇక్ కాక వెల్వెట్, బ్రూక్, యూరోనీమా, ఫ్లూక్స్ అనే పురుగులూ చేపలకు సోకుతాయి. రాగి మందు ఇక్‌నీ వెల్వెట్‌నీ చంపుతుంది. బ్రూక్‌ని, యూరోనీమాని, ఫ్లూక్స్‌ని అది వదిలించదు. బ్రూక్ సోకిన క్లౌన్ ఫిష్‌ను రాగిలో వేసి నాలుగు రోజులు ఎదురుచూడడమంటే చేపను పోగొట్టుకోవడమే.

ఇక్ చుక్కలు లెక్కపెట్టడానికి వీలుగా, ఉబ్బెత్తుగా, ఒక్కోటి విడివిడిగా ఉంటాయి. మొదట రెక్కల మీద కనబడతాయి. పొద్దున ఉన్న చుక్క సాయంత్రానికి ఉండకపోవచ్చు, వేరే చోట కొత్తది రావచ్చు. చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది గానీ మొదటి రోజుల్లో మేత తింటూనే ఉంటుంది. నెలల తరబడి ఒకే చోట కదలకుండా ఉండే ఒకటో రెండో గడ్డలు, కాలీఫ్లవర్‌లా పెరిగేవి ఇక్ కావు. అది లింఫోసిస్టిస్ అనే వైరస్ పని. దానికి మందు లేదు, చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది.

వెల్వెట్‌ను తెచ్చేది ఆమైలూడినియం ఒసెల్లాటం. దీని చుక్కలు చాలా సన్నవి, ఒంటి మీద పొడి చల్లినట్టు ఉంటాయి. టార్చి లైటును పక్క నుంచి ఏటవాలుగా వేసి చూస్తేనే బయటపడతాయి. కానీ చుక్కల కోసం ఎదురుచూడొద్దు. ఇది ముందు మొప్పల్ని పడుతుంది, కాబట్టి ఒంటి మీద ఏ గుర్తూ లేకుండానే చేప చచ్చిపోవచ్చు. చూడాల్సింది నడవడిక: మొప్పలు మామూలుకన్నా వేగంగా ఆడుతుంటాయి, చేప పవర్‌హెడ్ (నీటిని తోసే పంపు) ముందు నీటి ఒరవడికి ఎదురుగా నిలబడి కదలదు, వెలుగు నుంచి దాక్కుంటుంది, నిన్నటిదాకా ఎగబడి తిన్నది ఇవాళ మేతను చూడదు. ఒక తిత్తి నుంచి 256 దాకా పిల్లలు వస్తాయి. ట్యాంకు మొత్తం రెండు మూడు రోజుల్లో ఖాళీ కావచ్చు. ఇక్కా వెల్వెట్టా అని తేల్చుకోలేని పరిస్థితిలో వెల్వెట్ అనుకునే నడుచుకోండి. ఆ పొరపాటు వల్ల నష్టం తక్కువ.

బ్రూక్, అంటే బ్రూక్లినెల్లా, ఎక్కువగా సముద్రంలో పట్టి తెచ్చిన క్లౌన్ ఫిష్‌లకు వస్తుంది. చుక్కలు ఉండవు. ఒంటి జిగురు మందమై, తెల్లటి పొరలుగా ఊడి దారాల్లా వేలాడుతుంది. రంగు వెలిసిపోతుంది. ఇది తిత్తి కట్టదు, చేప ఒంటి మీదే రెండుగా చీలుతూ పెరుగుతుంది. అందుకే ఇంత వేగం.

యూరోనీమా అయితే పక్క మీద, రెక్కల మొదళ్ల దగ్గర ఎర్రటి కమిలిన పుండు కనబడుతుంది. క్రోమిస్, ఆంథియాస్ చేపల మందలో ఒకదానికి ఇలాంటి మచ్చ వస్తే ముందుగా దీన్నే అనుమానించాలి.

ఫ్లూక్స్ చిన్న చదునైన పురుగులు, ఉప్పునీళ్లలో పారదర్శకంగా ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు. కళ్లు మసకబారడం, తల విదిలించడం, ఆవులించినట్టు నోరు తెరవడం, ఒకవైపు మొప్ప మూసి ఒకవైపుతోనే ఊపిరి తీయడం వీటి గుర్తులు. పసుపు టాంగ్ మీద మిరియపు పొడి రాలినట్టు నల్లచుక్కలు వస్తే అది బ్లాక్ ఇక్. పేరులో ఇక్ ఉన్నా జాతి వేరు, అదొక చదును పురుగు. మంచినీటి స్నానానికీ ప్రాజీక్వాంటెల్ అనే మందుకీ లొంగుతుంది.

చవకరకం మైక్రోస్కోప్ ఉన్నా అనుమానాలు చాలావరకు తీరతాయి. అప్పుడే చచ్చిన చేప మొప్ప ముక్కను ట్యాంకు నీటి చుక్కలో గాజు పలక మీద పెట్టి 40 నుంచి 100 రెట్లు పెంచి చూడండి. గుండ్రంగా, చుట్టూ నూగుతో నెమ్మదిగా దొర్లేది ఇక్. కదలకుండా మొప్ప పోగులకు అంటుకున్న ముదురు రంగు బేరిపండు ఆకారపు గోళాలు వెల్వెట్. గుండె ఆకారంలో ఉండి జారుతూ పోయేది బ్రూక్. చచ్చి గంటలు గడిచిన చేప మీద చూస్తే లాభం లేదు. అప్పటికే అసలు పురుగులు వదిలిపోయి, కుళ్లు తినే జీవులు చేరి ఉంటాయి.

హాస్పిటల్ ట్యాంకు

60 నుంచి 80 లీటర్ల ఖాళీ గాజు ట్యాంకు చాలామందికి సరిపోతుంది. పెద్ద టాంగ్‌లు ఉంటే 150 లీటర్లు కావాలి. అడుగున ఇసుక వద్దు, రాయి వద్దు. వాటిలోని కాల్షియం కార్బొనేట్ రాగి మందును పీల్చుకుంటుంది, మోతాదు రోజురోజుకీ పడిపోతుంది. దాక్కోడానికి పీవీసీ గొట్టాల ముక్కలు, మోచేతి జాయింట్లు చాలు. హీటర్, థర్మామీటర్, ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్, అదనంగా ఒక ఎయిర్ స్టోన్, పైన వల మూత. మూత లేకపోతే రాస్, గోబీ చేపలు తెల్లారేసరికి నేల మీద ఉంటాయి. ఉష్ణోగ్రత 25 నుంచి 26 డిగ్రీలు, ఉప్పు గాఢత డిస్‌ప్లేలో ఎంతుందో అంతే.

జబ్బు చేపల్ని ఈ ట్యాంకులో చంపేది ఎక్కువసార్లు పురుగు కాదు, అమ్మోనియా. కొత్త స్పాంజ్‌లో అమ్మోనియాను తినేసే బ్యాక్టీరియా ఉండదు. సముద్రపు నీటి పీహెచ్ 8 పైన ఉంటుంది కాబట్టి మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే వాటా మంచినీటి ట్యాంకులకంటే ఎక్కువ. అందుకే జబ్బు లేని రోజుల్లోనే ఒక స్పాంజ్‌ను సంప్‌లో (డిస్‌ప్లే నీళ్లు తిరిగే కింది తొట్టిలో) పడేసి ఉంచండి. నాలుగు వారాల్లో అది బ్యాక్టీరియా పట్టి సిద్ధంగా ఉంటుంది. జబ్బు వచ్చాక మాత్రం ఆ సంప్‌లోని స్పాంజ్ మీదా తిత్తులు ఉండొచ్చు. రాగి వైద్యానికైతే ఫరవాలేదు, మందులోకే పోతుంది. కింద వచ్చే ట్యాంకు మార్పిడి పద్ధతికి పనికిరాదు. స్పాంజ్ లేకపోతే సీసా బ్యాక్టీరియా వేసి, రోజూ అమ్మోనియా చూస్తూ, మేత తగ్గించి, నీళ్లు మార్చడం తప్ప దారి లేదు.

ఒక హెచ్చరిక. అమ్మోనియాను బంధించే కండిషనర్లను రాగి ఉన్న నీళ్లలో వేయకండి. అవి రాగిని చేపలకు మరింత విషమైన రూపంలోకి మార్చగలవు. రాగి ఉన్న ట్యాంకులో అమ్మోనియా పెరిగితే నీళ్లు మార్చండి, కొత్త నీళ్లలోనూ ముందే అదే మోతాదులో రాగి కలిపి పోయండి.

చేపల్ని పట్టడం

రాళ్లు పేర్చిన రీఫ్‌లో వల పట్టుకుని వెంటాడితే పగడాలు విరగడం, చేప బెదిరి రాతి సందులో ఇరుక్కోవడం తప్ప ఒరిగేది ఉండదు. గాజు బోనులో మేత పెట్టి వదిలే ట్రాప్‌తో మొదలుపెట్టండి. అది రోజులు తీసుకుంటుంది, ఇక్‌కు ఆ సమయం ఉంటుంది, వెల్వెట్‌కు ఉండదు. వెల్వెట్ అయితే శుభ్రమైన డ్రమ్ములు సిద్ధం చేసుకుని, నీళ్లను మూడింట రెండు వంతులు వాటిలోకి తోడేసి, రాళ్లు ఒక్కోటి తీసి పక్కన పెట్టి, లోతు తక్కువున్న నీళ్లలో చేపల్ని పట్టడమే మేలు. పగడాలు కాసేపు గాలికి ఉన్నా తట్టుకుంటాయి. సముద్రపు స్పాంజీ జీవులను మాత్రం నీళ్లలోనే ఉంచండి.

యాంజెల్ ఫిష్‌ల చెంప ముల్లు వలకు చిక్కుకుంటుంది, టాంగ్ తోక మొదట్లో కత్తిలాంటి ముల్లు ఉంటుంది, రాబిట్ ఫిష్ వెన్ను ముళ్లకు విషం ఉంటుంది. వలతో మూలకు తోలి, నీటి లోపలే ప్లాస్టిక్ డబ్బాలోకి ఎక్కించి డబ్బాతోనే పైకి తీయండి. లెక్క చూసుకోండి. రాతి సందులో మిగిలిపోయిన ఒక్క గోబీ చాలు, మిగతా శ్రమంతా వృథా కావడానికి. మాండరిన్ చేప ఒంటికి జిగురు ఎక్కువ, చుక్కలు అరుదుగా కనబడతాయి, అయినా అది పురుగును మోయగలదు. దానికి మినహాయింపు లేదు.

ఇక్‌కు, వెల్వెట్‌కు రాగి

మార్కెట్లో రెండు రకాలు. కాపర్ పవర్, కాపర్‌సేఫ్ లాంటివి చిలేటెడ్ రాగి (వేరే పదార్థంతో కట్టుబడి ఉండే రాగి), వీటి పనిచేసే గాఢత 2.25 నుంచి 2.5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు). క్యూప్రమిన్ వేరే రకం, దానికి 0.5 పీపీఎం. ఒకదాని అంకెను ఇంకోదానికి వాడితే ఒకవైపు మందు పనిచేయదు, రెండోవైపు చేపలు చస్తాయి. కొత్తవాళ్లకు చిలేటెడ్ రకమే మేలు, చేపలు దాన్ని బాగా తట్టుకుంటాయి, మోతాదు కొంచెం అటూఇటూ అయినా ప్రమాదం తక్కువ.

సీసా మీది కొలత ప్రకారం పోసి వదిలేయడం రాగి వైద్యం కాదు. కొలిచే పరికరం ఉండి తీరాలి. రంగు చూసి పోల్చుకునే కిట్లు 2.25కీ 1.75కీ తేడా చెప్పలేవు. డిజిటల్ కలర్ మీటర్, హాన్నా వాళ్ల హై రేంజ్ కాపర్ చెకర్ లాంటిది, చిలేటెడ్ రాగికి సరిపోతుంది. ట్యాంకు కొలతల్ని బట్టి కాకుండా అసలు ఎన్ని లీటర్లు పోశారో లెక్కపెట్టండి. 75 లీటర్ల ట్యాంకులో నిండా పోసినా 65 లీటర్లే పట్టొచ్చు.

ఇక్ అయితే, చేప ఇంకా తింటుంటే, మోతాదును రెండు మూడు రోజుల్లో మెల్లగా పెంచండి. మొదటి రోజు 1 పీపీఎం, మర్నాడు 1.75, ఆ తర్వాత 2.25. వెల్వెట్ అయితే అంత తీరిక లేదు, 24 గంటల్లో 2 పీపీఎం దాటాలి. పనిచేసే గాఢత అందిన రోజు నుంచి లెక్క మొదలు: 30 రోజులు. మధ్యలో ఒక్కరోజు 2 కిందికి జారినా లెక్క మళ్లీ ఒకటి నుంచి. మొదటి వారం రోజూ, తర్వాత రెండు రోజులకోసారి కొలవండి. నీళ్లు ఆవిరైతే గాఢత పెరుగుతుంది, మార్చిన నీళ్లలో రాగి కలపకపోతే తగ్గుతుంది. చాలామందికి తప్పు జరిగేది ఈ రెండు చోట్లే.

30 రోజులు ఆగలేనివాళ్లకు ఇంకో దారి ఉంది. 14 రోజులు రాగిలో ఉంచి, 15వ రోజు చేపను పూర్తిగా వేరే శుభ్రమైన ట్యాంకుకు మార్చడం. 14 రోజుల్లో చేప మీదున్నవన్నీ రాలిపోతాయి, కొత్తవి రాగి వల్ల ఎక్కలేవు, పాత ట్యాంకులోని తిత్తులు పాత ట్యాంకులోనే మిగిలిపోతాయి. ఆ కొత్త ట్యాంకు పాతదానికి కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి. గాలి బుడగలు పగిలి ఎగిరే తుంపర్లతోనూ వెల్వెట్ పాకుతుంది.

రాగిలో వేసిన మొదటి రెండు మూడు రోజులు చేప మేత తినకపోవచ్చు. అప్పుడు మోతాదు పెంచడం ఆపి, ఉన్నచోటే ఉంచి చూడండి. తినడం మొదలయ్యాక ముందుకు వెళ్లండి. ఊపిరి వేగంగా ఉంటే ముందు గాలి పెంచండి. కొన్ని రాస్‌లు, మరగుజ్జు యాంజెల్‌లు రాగిని అంతగా ఓర్చుకోవు, వాటికి పెంపు నాలుగైదు రోజులకు సాగదీయాలి. క్లోరోక్విన్ ఫాస్ఫేట్ కూడా ఈ రెండు జబ్బులకూ పనిచేస్తుంది. కానీ దాని గాఢతను ఇంట్లో కొలిచే వీల్లేదు, నాణ్యత తెలియని పొడులు తిరుగుతుంటాయి. పశువైద్యుడి సలహా లేకుండా దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

వెల్వెట్‌తో ఊపిరాడని చేపకు రాగి పని మొదలుపెట్టేలోగా కాస్త ఊరట కావాలి. మంచినీటి స్నానం అందుకే. ఆర్‌ఓ నీళ్లను ట్యాంకు ఉష్ణోగ్రతకు తెచ్చి, చిటికెడు చిటికెడుగా వంటసోడా కలిపి పీహెచ్‌ను ట్యాంకు పీహెచ్‌కు సరిపెట్టి, అరగంట గాలి పట్టించండి. చేపను 5 నిమిషాలు అందులో ఉంచండి. మొదటి నిమిషంలో గిలగిల్లాడటం, పక్కకి ఒరగడం మామూలే. పూర్తిగా చలనం ఆగిపోతే వెంటనే ఉప్పునీళ్లలోకి తీసేయండి. కొన్ని పురుగులు రాలి మొప్పలకు ఊపిరి అందుతుంది, అంతే. ఇది వైద్యం కాదు. ఇక్‌కు దీనివల్ల దాదాపు ఏమీ ఒరగదు, పురుగు చర్మం కింద క్షేమంగా ఉంటుంది.

ఇదే స్నానం ఫ్లూక్స్‌ను పట్టించే పరీక్ష కూడా. నల్లటి లేదా ముదురు రంగు అడుగున్న డబ్బాలో చేయండి. ఉప్పునీళ్లలో కనబడని పురుగులు మంచినీళ్లు తగిలాక పాలిపోయి, కోడిగుడ్డు ఆకారంలో తెల్లటి రేకుల్లా అడుగున రాలతాయి. మొప్పల్లోవి రాలకపోవచ్చు కాబట్టి ఏమీ రాలనంత మాత్రాన ఫ్లూక్స్ లేవనుకోవద్దు.

రాగికి లొంగని జబ్బులు

బ్రూక్‌కు ఫార్మలిన్ స్నానం. 37 శాతం ఫార్మాల్డిహైడ్ ద్రావణాన్ని 10 లీటర్ల ఉప్పునీళ్లకు 1.5 మి.లీ. చొప్పున కలిపితే 150 పీపీఎం. 45 నిమిషాల నుంచి గంట, గట్టిగా గాలి పట్టిస్తూ. ఫార్మలిన్ నీటిలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది, ఎయిర్ స్టోన్ ఆగితే చేప అక్కడికక్కడే పోతుంది. సీసా అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంటే ఆ ద్రావణం పారేయండి, అది చేపలకు మరింత విషం. మనుషులకూ ఇది క్యాన్సర్ కారకం: చేతి తొడుగులు, కళ్లద్దాలు, గాలి వెలుతురు ఉన్న చోటు తప్పనిసరి. స్నానం తర్వాత చేపను పాత నీళ్లలోకి కాక శుభ్రమైన ట్యాంకులోకి వేయాలి, లేకపోతే స్నానం చేయించీ ప్రయోజనం లేదు. రోజు విడిచి రోజు రెండు మూడు సార్లు చేయండి, మధ్యలో ట్యాంకులో మెట్రొనిడజోల్ వాడొచ్చు.

ఫార్మలిన్ దొరక్కపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంది. 3 శాతం ద్రావణం లీటరుకు 5 మి.లీ., 30 నిమిషాలు, గాలి పట్టిస్తూ, కళ్లెదుటే ఉంచుకుని. వెల్వెట్‌కూ ఇదే స్నానం రాగికి ముందు పనికొస్తుంది. సీసా మీద 6 శాతమని ఉంటే సగమే పోయాలి. ఈ లెక్క మరిచి నేరుగా పోస్తే మొప్పలు కాలిపోతాయి.

యూరోనీమాతో గెలుపు తక్కువ. అది చేప లేకపోయినా ట్యాంకులో బ్యాక్టీరియాను, కుళ్లును తిని బతుకుతుంది, కాబట్టి ఆకలితో చంపలేం. పుండు పైకి కనబడేటప్పటికే పురుగు కండలోకి దిగి ఉంటుంది. చేప తింటుంటే మెట్రొనిడజోల్ కలిపిన మేత, ఫార్మలిన్ స్నానం ప్రయత్నించాలి. తినడం మానేసిన చేప సాధారణంగా కోలుకోదు.

ఫ్లూక్స్‌కు ప్రాజీక్వాంటెల్ లీటరుకు 2.5 మి.గ్రా. 60 లీటర్లకు 150 మి.గ్రా. అన్నమాట. పొడి నీళ్లలో సరిగా కరగదు, తెల్లగా పైకి తేలుతుంది, అలా తేలిన మందు పనిచేయదు. కొంచెం నీళ్లలో వేసి మూత పెట్టి బాగా గిలక్కొట్టి, కరిగాక పోయండి. మందు పురుగును చంపుతుంది గానీ గుడ్లను చంపదు. అవి పొదిగేదాకా ఆగి 5 నుంచి 7 రోజులకు రెండోసారి వేయాలి, ఆ పిల్లలు మళ్లీ గుడ్లు పెట్టకముందే. ఒక్క డోసుతో ఆపినవాళ్లకు మూడు వారాల్లో జబ్బు తిరిగొస్తుంది. మందు వేసిన మర్నాడు నీళ్లు పాలలా మసకబారితే అది బ్యాక్టీరియా పెరుగుదల, ఆక్సిజన్ తింటుంది, గాలి పెంచండి. ఈ జాబితాలో పగడాలతో పాటు డిస్‌ప్లేలో వేయదగ్గ మందు ఇదొక్కటే. అయినా ఫెదర్ డస్టర్‌ల లాంటి గొట్టపు పురుగులు చావొచ్చు.

మందు లేకుండా ఇక్‌ను వదిలించడం

ట్యాంకు మార్పిడి పద్ధతికి 40 లీటర్ల టబ్బులు రెండు, రెండు సెట్ల సామాను కావాలి. చేపను ఒక టబ్బులో 72 గంటలకు మించకుండా ఉంచి రెండోదానికి మారుస్తారు. తిత్తి పగలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది కాబట్టి పిల్లలు బయటపడేసరికి చేప అక్కడ ఉండదు. 1వ రోజు మొదలుపెట్టి 4, 7, 10, 13వ రోజుల్లో మార్చాలి. మార్చేటప్పుడు పాత నీళ్లు వీలైనంత తక్కువ వెళ్లాలి. రెండు టబ్బుల ఉప్పు, ఉష్ణోగ్రత ఒకేలా ఉంటే అలవాటు చేసే పని ఉండదు. ఖాళీ చేసిన టబ్బును, హీటరును, గొట్టాలను, ఎయిర్ స్టోన్‌ను కడిగి 24 గంటలు పొడిగా ఆరబెట్టండి. తడి వలను మరిచిపోతుంటారు, దానిక్కూడా ఇదే నియమం. ఇక్‌కు తప్ప ఇది పనికిరాదు, వెల్వెట్ వేగం వేరు.

ఉప్పు తగ్గించే పద్ధతిలో స్పెసిఫిక్ గ్రావిటీని (ఉప్పు ఎంతుందో చెప్పే సాంద్రత కొలతను) రెండు మూడు రోజుల్లో 1.009కి దించి, చివరి చుక్క మాయమయ్యాక 30 రోజులు అక్కడే నిలపాలి. 1.011 దగ్గర ఆగితే పురుగు బతుకుతుంది. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌ను నమ్మొద్దు. సరిచూసుకున్న రిఫ్రాక్టోమీటర్ కావాలి. ఉప్పు తగ్గితే ఆల్కలినిటీ కూడా తగ్గి పీహెచ్ పడిపోతుంది, వంటసోడాతో నిలబెట్టుకోవాలి. తిరిగి పెంచేటప్పుడు వారం రోజులు తీసుకోండి, దించడం కన్నా పెంచడమే చేపకు కష్టం. తక్కువ ఉప్పుకు తట్టుకునే ఇక్ రకాలూ ఉన్నాయి, వెల్వెట్‌కైతే ఇది అసలు పట్టదు. అందుకని రాగిని తట్టుకోలేని చేపకు తప్ప దీన్ని ముందుగా ఎంచుకోవాల్సిన పనిలేదు.

ఖాళీగా ఉన్న డిస్‌ప్లే

చివరి చేప బయటికి వచ్చిన రోజు నుంచి 76 రోజులు. పైన చెప్పిన 72 రోజుల లెక్కకు కొంచెం జాగ్రత్త కలిపితే వచ్చే అంకె ఇది. ఉష్ణోగ్రతను 27 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచి 45 రోజులతో ముగించేవాళ్లూ ఉన్నారు, చాలాసార్లు సరిపోతుంది కూడా. లోతైన ఇసుక, ఆక్సిజన్ అందని మూలలు ఉన్న ట్యాంకులో మాత్రం 76 దగ్గరే ఆగండి, ఆక్సిజన్ తక్కువ ఉన్నచోట తిత్తులు ఎదగకుండా ఆగి ఉంటాయి. వెల్వెట్‌కు ఆరు వారాలు.

ఈ రోజుల్లో ట్యాంకును గాలికొదిలేస్తే ఇంకో తలనొప్పి వస్తుంది. చేపలు లేవు, మేత లేదు, నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు పడిపోతాయి. పగడాలు పాలిపోతాయి, ఇసుక మీద గోధుమ రంగు జిగురు, అందులో గాలి బుడగలతో, పరుచుకుంటుంది. అవి డైనోఫ్లాజెల్లేట్‌లు, వదిలించుకోవడం ఇక్ కన్నా కష్టం. రొయ్యలకు, ఎనిమోన్‌లకు మేత వేస్తూనే ఉండండి, బ్యాక్టీరియా కోసం రెండు రోజులకోసారి ఒక చిటికెడు గడ్డకట్టిన మేత కరిగించి వేయండి, స్కిమ్మర్ (నురగతో మలినాలు తీసే యంత్రం) వేగం తగ్గించండి. వారానికోసారి నైట్రేట్, ఫాస్ఫేట్ కొలవండి.

ఈ గడువులో చేపలున్న ఏ వ్యవస్థ నుంచీ పగడం, నత్త, రాయి, నీటి చుక్క కూడా లోపలికి రాకూడదు. పగడపు ముక్కను అంటించిన అడుగు బిళ్ల (ప్లగ్) మీద తిత్తి రావొచ్చు. పగడాలను ముంచి తీసే అయోడిన్ లాంటి మందులు (కోరల్ డిప్‌లు) తిత్తిని చంపవు. హాస్పిటల్ ట్యాంకులో పెట్టిన చేయిని కడిగి ఆరబెట్టుకోకుండా డిస్‌ప్లేలో పెట్టొద్దు. బకెట్లు, వలలు, సిఫన్ గొట్టాలు వేటికవే వేరుగా ఉండాలి, రంగు టేపు చుట్టుకుంటే ఇంట్లో మిగతావాళ్లకూ అర్థమవుతుంది.

యూవీ ల్యాంపు, ఓజోన్ నీటిలో ఈదే పిల్లల సంఖ్యను తగ్గిస్తాయి. పక్కన తిత్తి పగిలి పక్కనే నిద్రపోయే చేపను ఎక్కే పురుగు ల్యాంపు గుండా పోనే పోదు. వెల్లుల్లి మేత మీద ఆసక్తి పెంచవచ్చు, పురుగును చంపదు. క్లీనర్ రొయ్య చర్మం కిందున్నదాన్ని తీయలేదు. ఇక్‌తో సహజీవనం చేయిస్తామనేవాళ్ల చేపలు బాగా తింటూ, పాక్షిక రోగనిరోధక శక్తి తెచ్చుకుని నెలల తరబడి బాగానే కనిపించొచ్చు. ఒక కరెంటు కోతకో, హీటరు చెడిపోవడానికో, కొత్త టాంగ్ రాకకో అది తిరగబడుతుంది. వెల్వెట్‌తో అయితే ఆ ఆలోచనే వద్దు.

తిరిగి పంపేటప్పుడు

వైద్యం 30 రోజులకు ముగిసినా డిస్‌ప్లే గడువు మిగిలే ఉంటుంది. ఆ మధ్య కాలంలో కార్బన్, నీటి మార్పులతో రాగిని తీసేసి చేపల్ని మామూలు నీళ్లలో రెండు వారాలు గమనించండి. రాగి వేసినంత కాలం అణిగి ఉండి తర్వాత బయటపడే ఫ్లూక్స్‌ను పట్టుకోడానికి ఇదే అదను. ప్రాజీక్వాంటెల్ రెండు డోసులూ ఇక్కడ ఇచ్చేస్తే నిశ్చింత.

చేపల్ని ఒక్కసారిగా పంపకండి. వారాల తరబడి కొంచెం మేతకే అలవాటు పడ్డ బ్యాక్టీరియా ఒకే రోజున పూర్తి బరువు మోయలేదు. నెమ్మదైనవి ముందు, కొట్లాడే టాంగ్‌లు చివర, రెండు మూడు రోజుల ఎడంతో పంపండి. ఈ ట్యాంకును రాజ్యంగా భావించిన టాంగ్ ఇప్పుడు మళ్లీ కొత్తగా వచ్చినట్టే, పాత చేపల మీద పడే దూకుడు కొంత తగ్గుతుంది.

ఆ తర్వాత కొనే ప్రతి చేపా ఇదే హాస్పిటల్ ట్యాంకులో నెల రోజులు ఉండి రావాలి, పగడాలూ రొయ్యలూ చేపల్లేని చిన్న ట్యాంకులో 45 నుంచి 76 రోజులు. రాగి వాడిన ట్యాంకును, గొట్టాలను క్లోరిన్ బ్లీచ్ నీళ్లతో కడిగి, బాగా జాడించి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి దాచండి. రాగి పట్టిన స్పాంజ్‌ను మాత్రం మళ్లీ సంప్‌లో వేయకండి. అది విడిచే కొద్దిపాటి రాగి నత్తలకు, రొయ్యలకు చాలు. కొత్త స్పాంజ్‌ను ఇవాళే సంప్‌లో వేసి పెట్టుకోండి.